తుప్పు పట్టిన ఎర్తు, చల్లగా కనిపించే ఇంజను

పోయిన వేసవిలో కొత్తపట్నం ఇసుకలో మా బావ లారీ ఆవిర్లు కక్కింది. సైన్యం వాడి వేలం వేసిన స్టాలియన్ అనే మిలిటరీ లారీ ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీద ఒంగోలు షెడ్డులో క్యాబిను, బాడీ తనకు కావలసినట్టు కట్టించుకున్న బండి అది. ఒడ్డున పడవలు లాగాలంటే నాలుగు చక్రాలకూ బలం అందే బండి ఉండాలని పట్టుబట్టి కొన్నాడు. పాత డ్యాష్‌బోర్డు పోయింది కాబట్టి టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, ఓల్టు మీటర్లు బజార్లో కొని బిగించారు.

"రేడియేటరు మీద చెయ్యి పెట్టలేకపోతా ఉంటే ఈ ముల్లు ఎనభై దాటదేందిరా?" అన్నాడు బావ. మీటరు డూప్లికేటని అతని అనుమానం.

"మీటరుది తప్పు కాదు బావా, ఎర్తు చూద్దాం" అన్నాను.

టెంపరేచర్ మీటరుకు వేడి సంగతి నేరుగా తెలియదు. నీళ్లలో మునిగి ఉండే సెన్సారు లోపల లోహ ఆక్సైడ్లతో చేసిన చిన్న బిళ్ల ఉంటుంది. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. ఈ బిళ్ల అర్ధవాహకం కాబట్టి దాని గుణం వేరు. వేడెక్కేకొద్దీ కరెంటు మోసే కణాలు ఎక్కువై నిరోధం పడిపోతుంది. ఆ నిరోధం ఎంత తగ్గితే ముల్లు అంత పైకి లేస్తుంది.

చాలా బళ్లలో మీటరు నుంచి సెన్సారుకు వెళ్లేది ఒక్క తీగే. కరెంటు తిరిగి వచ్చే దారి సెన్సారు మరలు, ఇంజను బ్లాకు, ఛాసిస్, బ్యాటరీ మైనస్. ఆ ఇనుమంతా కలిసి రెండో తీగ అన్నమాట. దీన్నే ఎర్తు అంటాం. బావ బండిలో సెన్సారును బ్లాకులో బిగించలేదు. రేడియేటరు పైహోసును కోసి, మధ్యలో అల్యూమినియం గొట్టం పెట్టి, దానికి బిగించారు. అటూ ఇటూ రబ్బరే కాబట్టి ఆ గొట్టానికి ఎర్తు దానంతట అందదు. విడిగా ఒక తీగ వేసి ఛాసిస్ బోల్టు కింద నొక్కారు. ఆ బోల్టు కింద కొత్త పెయింటు, పెయింటు పగిలిన చోట తుప్పు.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం. సెన్సారు 80 డిగ్రీల దగ్గర 70 ఓములు, 100 డిగ్రీల దగ్గర 38 ఓములు చూపే రకం అనుకోండి. నీళ్లు నిజంగా 100 డిగ్రీలకు చేరాయి. ఎర్తు దగ్గర తుప్పు మరో 32 ఓములు కలిపింది. మొత్తం 70. మీటరుకు ఆ కూడిక ఒక్కటే కనిపిస్తుంది, అందులో సెన్సారు వాటా ఎంతో తుప్పు వాటా ఎంతో విడదీయలేదు. ముల్లు 80 మీద నిలబడుతుంది. నన్ను భయపెట్టింది ఇదే. ఎర్తు చెడితే ఇంజను వేడిగా ఉన్నట్టు కనిపించినా మేలే, ఆపి చూసుకుంటాం. ఇక్కడ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది, డ్రైవరు ధీమాగా తొక్కుతూ పోతాడు.

సముద్రపు ఒడ్డున ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని తేమను పీల్చుకుంటుంది. తీగ చివర బిగించే రాగి థింబుల్, ఇనుప ఛాసిస్ కలిసే చోట ఆ ఉప్పు తడి చేరితే అక్కడొక బుల్లి బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది ఇనుమే.

గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, నక్షత్రపు వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాం. ఇంజను మళ్లీ వేడెక్కాక ముల్లు ఎనభై దాటి వంద దగ్గరికి వెళ్లింది. ఇసుకలో బండి మెల్లగా కదులుతుంది, శ్రమ ఎక్కువ, రేడియేటరుకు తగిలే గాలి తక్కువ. అసలు కారణం అదే. దాన్ని దాచిపెట్టింది మాత్రం ఎర్తు. పైహోసులో సెన్సారు పెట్టడం నాకు నచ్చదు, ఇంకో కారణం కూడా ఉంది. నీళ్లు తగ్గితే ముందు ఖాళీ అయ్యేది ఆ హోసే. సెన్సారు నీళ్లలో లేకపోతే ముల్లు చెప్పేది నమ్మలేం.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. బండి 24 ఓల్టులది, 12 ఓల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. 12 ఓల్టుల బండితో పోలిస్తే అదే పవరుకు కరెంటు సగమే కావాలి కాబట్టి, అదే తీగలో వృథాగా పోయే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కొన్న మీటర్లేమో 12 ఓల్టులవి. వాటికి నేరుగా 24 ఇస్తే లోపలి చుట్టల్లో వేడి నాలుగింతలవుతుందని, బిగించినతను రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగాడు. తేలికైన దారే, కానీ ఎర్తు వైపు బ్యాటరీ ఒక్కటే ఆ భారం మోస్తుంది. బ్యాటరీలను చార్జి చేసే ఆల్టర్నేటరు రెండింటిలోకీ ఒకే కరెంటు పంపుతుంది. దాంతో ఎర్తు వైపు బ్యాటరీ ఎప్పుడూ అరకొర చార్జింగుతో ఉంటే, రెండోది అతిగా చార్జవుతూ నీళ్లు ఆవిరి చేసుకుంటుంది. 24ను 12కు దించే కన్వర్టరు పెట్టించి, దాని తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయించాం. ఫ్యూజు మీటరు దగ్గర వేస్తే ప్రయోజనం లేదు. మధ్యలో తీగ ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే దాన్ని కాపాడేదేమీ ఉండదు.

చివరికి మీటరునే పరీక్షించాలనిపించింది. సెన్సారు విప్పి, దాని ఇత్తడి ఒంటికి ఎర్తు తీగ చుట్టి, అక్క ఇచ్చిన గిన్నెలో మరిగే నీళ్లలోకి దించాం. ఒంగోలు సముద్ర మట్టానికి దగ్గర్లోనే ఉంది కాబట్టి మూత లేని గిన్నెలో నీళ్లు ఇంచుమించు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, వేరే థర్మామీటరు అక్కర్లేదు. ముల్లు వంద గీతకు కాస్త ఇవతల ఆగింది. బావ ఎర్ర పెయింటు తెచ్చి, ముల్లు ఆగిన చోట అద్దం మీద గీత గీశాడు.