చిప్పు పని మొదలుపెట్టకముందే లీకు

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంటులో కరెంటు మీటర్లన్నీ మెట్ల కింద ఒకే గోడకు ఉంటాయి. నింపాదిగా మినుకుమంటున్న ఎర్ర దీపం ఉన్నట్టుండి సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటే ఆ ఇంట్లో గీజరు వేశారన్నమాట. తలుపు తట్టకుండానే వాళ్ల స్నానాల వేళ తెలిసిపోతుంది. చిప్పుల రహస్యాలు బయటపడేదీ ఇలాగే. ఎన్‌క్రిప్షన్ గణితం ఎంత గట్టిదైనా, ఆ లెక్క చేసే చిప్పు వాడుకునే కరెంటు లోపలి అంకెలను బట్టి మారుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుంచి ఎన్‌క్రిప్షన్‌ను విప్పే రహస్య సంఖ్యను, అంటే కీని, రాబట్టవచ్చని పాల్ కోచర్, జాషువా జాఫ్, బెంజమిన్ జున్ 1999లో చూపించారు. ఇలా పక్కదారిన రహస్యం బయటపడటాన్ని సైడ్ ఛానల్ లీకేజీ అంటారు, కరెంటు ద్వారా పొక్కడం అందులో ఒక రకం.

కరెంటు హెచ్చుతగ్గులను గీతగా చూపే పరికరం ఆసిలోస్కోపు. చిప్పు ఒకసారి పనిచేసినప్పుడు అది గీసే గీత ఒక ట్రేసు. ఒక్క ట్రేసులో రొదే ఎక్కువ కనుక వేలు, లక్షలు పోగుచేయాలి. అసలు తిప్పలు అక్కడే.

లక్ష ట్రేసులు, ఒక్కో ట్రేసులో 10,000 బిందువులు అనుకుందాం. 8 బిట్ల స్కోపు ఇచ్చే బిందువుకు ఒక బైటు చాలు కాబట్టి మొత్తం 1 జీబీ. అదే డేటాను అలవాటు కొద్దీ 64 బిట్ల దశాంశాలుగా దాచామా, 8 జీబీ. సమాచారం మాత్రం రవ్వంత కూడా పెరగదు, ఒక్క చొక్కా కోసం బీరువా కొన్నట్టు.

ఇంకో చిక్కు ఉంది. ట్రేసులు అడ్డువరుసల్లో వచ్చి చేరతాయి, లెక్క మాత్రం నిలువునా చేయాలి. 4,217వ బిందువు అన్ని ట్రేసుల్లో ఎలా ఉందో చూడాలంటే పదివేల బైట్లకొకటి చొప్పున లక్ష గెంతులు. అందుకే డేటాను గళ్లుగళ్లుగా కోసి దాచే హెచ్‌డీఎఫ్5 ఫైళ్లు ఈ పనికి బాగా నప్పుతాయి. ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ 2018లో విడుదల చేసిన ఆస్కాడ్ అనే ట్రేసుల డేటా కూడా ఆ రూపంలోనిదే. అందులో ప్రతి ట్రేసు పక్కనే దానికిచ్చిన ఇన్‌పుట్, కీ ఉంటాయి.

పక్కన రాసుకోవాల్సింది అంతేనా? ఒక వేసవిలో నాకూ, అనంతపురం నుంచి వచ్చిన నా సహోద్యోగికీ ఈ పాఠం వంటబట్టింది. మేమప్పుడు చేస్తున్నది, ఒకే ఇన్‌పుట్‌తో ఒక కుప్ప ట్రేసులు, మారే ఇన్‌పుట్‌తో మరో కుప్ప తీసి, ఏ బిందువు దగ్గరైనా రెండు కుప్పల సగటులు తేడాగా ఉన్నాయేమో చూసే పరీక్ష. రొదతో పోలిస్తే ఆ తేడా ఎంత పెద్దదో చెప్పే టీ విలువ 4.5 దాటితే లీకు ఉన్నట్టు అనుమానించాలి. మాకు గీత పొడవునా దాటింది. పండగే అనుకున్నాం.

"చిప్పు ఇంకా పని మొదలుపెట్టకముందే లీకవుతోందేమిటండీ?" అన్నాడతను.

మొదటి కుప్ప ఉదయం తీశాం, రెండోది భోజనాల తర్వాత. మధ్యలో ఏసీ ఆగి గది వేడెక్కింది. మేము కొలిచింది ఇన్‌పుట్ తేడాను కాదు, ఎండను. ఏ ట్రేసు ఎప్పటిదో సరిచూద్దామంటే ఫైళ్లలో వేళ లేదు. ఫైలు తేదీలైనా ఉంటాయనుకుంటే, డిస్కు మార్చినప్పుడు అవీ కొత్తవైపోయాయి. మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు రెండు రకాల ఇన్‌పుట్‌లనూ బొమ్మాబొరుసులా కలిపి ఇస్తాం. వరుస సంఖ్య, వేళ, ఉష్ణోగ్రత, వోల్టేజి ప్రతి ట్రేసుతోనే ఫైల్లోకి వెళతాయి. కొలవడానికి చిప్పుకు ఆనించే మొన, అంటే ప్రోబు, ఎక్కడ పెట్టామో ఫోటో కూడా తీస్తాం. ముడి ట్రేసులను ఎవరూ దిద్దకూడదు. సవరించినవి వేరే ఫైల్లో ఉంటాయి, ఏ ప్రోగ్రాముతో సవరించామో కూడా అందులోనే. చివర 'గమనిక' అని ఒక గడి ఉంది. నిన్న అతను అందులో రాసింది: "41,300 నుంచి లిఫ్టు నడుస్తోంది."