ఇంటివాళ్లకే ఇల్లు రాసివ్వడానికి సుంకమెందుకు? ఈ తగవు 2020లో ముదిరింది

రిజిస్ట్రేషన్ విలువలు మళ్లీ సవరిస్తారన్న మాట పుడితే చాలు, హనుమకొండ, వరంగల్‌లో దస్తావేజు లేఖరుల బల్లల ముందు జనం పెరుగుతారు. వాళ్లందరూ కొనేవాళ్లో అమ్మేవాళ్లో కారు. కొడుకు పేరిటో కూతురి పేరిటో ఇల్లు రాసివ్వడానికి వచ్చిన వయసు మళ్లినవాళ్లు అందులో తక్కువేమీ ఉండరు. పైసా చేతులు మారని ఈ బదిలీకి సర్కారు కట్టిన విలువ మీద శాతాల లెక్కన సొమ్ము ఎందుకు కట్టాలన్నదే వాళ్ల ప్రశ్న. కుటుంబంలో బదిలీకి నామమాత్రపు రుసుము చాలన్న డిమాండు దీని నుంచే వచ్చింది.

స్టాంపుల చట్టం 1899 నాటిది, రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. స్థిరాస్తిని దానంగా ఇస్తే దస్తావేజు రిజిస్టరు కావాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెప్పింది. ఇవన్నీ తెలిసినవే. చట్టం అలా ఉన్నా, ఇక్కడి పాత ఇళ్లు చాలాకాలం దాని జోలికి పోలేదు. గిర్మాజీపేటలోనో కరీమాబాద్‌లోనో అలాంటి ఇంటికి వెళ్లి పన్ను రసీదు అడిగితే, ఎప్పుడో పోయిన తాత పేరే కనిపించేది. ముందు గదులు పెద్దకొడుకువి, చేదబావి వైపు వంటిల్లు చిన్నకొడుకుది. కరెంటు మీటర్లు రెండు, ఇంటి నంబరు ఒకటే. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల పత్రం బీరువాలో బట్టల అడుగున ఉండేది. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ముట్టజెప్పామని అందులో ఒక వాక్యం రాసేవారు. ఆ వాక్యం కింద ఆమె సంతకం ఉందా అని అడిగినవాళ్లు లేరు.

2020 వానాకాలం ఈ ఏర్పాటును కుదిపేసింది. ఇప్పటి గొడవకు మూలం 2021లో పెరిగిన రేట్లని చాలామంది అంటారు కానీ, అసలు మలుపు అంతకు ముందే వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్పు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదనీ, హిందూ వారసత్వ చట్టానికి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదనీ తేల్చింది. మన ప్రాంతానికి అంతకంటే గట్టిగా తగిలిన మాట ఇంకొకటి ఉంది. ఆ సవరణ గడువుగా పెట్టిన 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాన్నో, కోర్టు డిక్రీనో కాదనడం కుదరదు. నోటిమాటగా జరిగిన పంపకాన్ని మాత్రం, బలమైన ప్రభుత్వ పత్రాల ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప ఒప్పుకోనక్కర్లేదు. బీరువాలోని తెల్లకాగితం బలం అక్కడితో సడలింది.

ఈ హక్కు మనకు కొత్తదేమీ కాదు. ఆ చట్టానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. కాకపోతే అంతకుముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. కానీ అప్పటికి ఇంట్లో పంపకాలు అయిపోయాయని అన్నదమ్ములు చెబితే అక్కచెల్లెళ్లు నమ్మాల్సి వచ్చేది. తీర్పు తర్వాత మాట మారింది. ‘మా సంతకం లేనిదే అయిపోయిందని ఎలా అంటారు’ అని ఆడపడుచులు అడిగారు. అన్నలేమో వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు పట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లారు. ఖర్చుల లెక్క అప్పటి నుంచే ఇంట్లో చర్చ అయింది. సంతకం పెట్టేది చెల్లెలు, స్టాంపు డ్యూటీ కట్టేది అన్న. ఆ డ్యూటీ ఎక్కువైందన్న విసుగు కూడా చివరికి ఆమె మీదికే వస్తుంది.

తీర్పు వచ్చిన పక్షం రోజులకు, ఆగస్టు 26న, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను తెలంగాణ ప్రభుత్వం ఆపేసింది. సెప్టెంబరు 8 నుంచి, భూముల రికార్డుల కొత్త పోర్టల్ ధరణి పేరుతో, మొత్తం రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి. వ్యవసాయేతర ఆస్తులకు డిసెంబరులో తలుపులు తెరిచినప్పుడు ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య కావాలన్నారు. హైకోర్టు జోక్యంతో పాత పద్ధతికి వచ్చారు. అయితే తాత పేరిట ఉన్న రసీదు పనికిరాదని తెలియడానికి ఆ కొద్ది నెలలు చాలు. అంతవరకూ అవసరం లేదనుకున్న కాగితం ఒక్కసారిగా అత్యవసరమైంది.

కాగితం కావాల్సి వచ్చాకే దాని ధర పెరిగింది. 2021 జూలై 22 నుంచి అమ్మకం మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మొత్తం భారం 6 శాతం నుంచి 7.5 శాతానికి చేరింది. 2013 తర్వాత కదలని, సర్కారు కట్టే మార్కెట్ విలువలు అదే రోజు పెరిగాయి, 2022 ఫిబ్రవరి 1 నుంచి మళ్లీ పెరిగాయి. 20 లక్షల విలువకు అమ్మకం మీద కట్టేది లక్షా 20 వేల నుంచి లక్షన్నర అయింది, అదీ విలువ అక్కడే ఆగితే. కుటుంబంలో దానానికీ సెటిల్మెంటుకూ రేటు ఇంతకంటే చాలా తక్కువన్నది నిజమే. కానీ శాతం ఎంత చిన్నదైనా లెక్క కట్టేది సవరించిన విలువ మీదే.

తప్పుడు దానాలను ఆపడానికే శాతం పద్ధతి అంటారు అధికారులు. అమ్మకాన్నే దానంగా చూపి రాయితీ పొందే వీలుందని వాళ్ల వాదన. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చేరుతుందనీ గుర్తుచేస్తారు.

పంపకాల పత్రాన్నే నమ్ముకున్నవాళ్లకు 2021 అక్టోబరులో కొంత ఊరట దొరికింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక ఖరారునామా (ఒప్పుదల పత్రం) కేసులో, ముందే జరిగిపోయిన పంపకాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కాగితంతోనే పంపకం జరిగిందని తేలితే కథ మారుతుంది. స్టాంపు లేని దస్తావేజును కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే లోటు డ్యూటీతో పాటు దానికి పది రెట్ల జరిమానా కూడా కట్టాల్సి రావచ్చు. బ్యాంకు అప్పుకు ఆ కాగితం ఎలాగూ సరిపోదు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు కాబట్టి చాలామంది అటు మొగ్గుతున్నారు. తగవును తండ్రి పోయేదాకా వాయిదా వేసుకోవడమే అది.

ఆదాయపు పన్ను సంగతి వేరు. దాన పన్ను 1998 అక్టోబరుతో పోయింది. దగ్గరి బంధువు ఇచ్చిన ఇంటి మీద పుచ్చుకున్నవాళ్లకు పన్ను లేదు. కానీ బంధువుల జాబితా మన ఇళ్ల లెక్కకు సరిపోదు. చిన్నాన్న ఇల్లు అన్నకొడుకుకు రాసిస్తే పన్ను ఉండదు. అదే అన్నకొడుకు చిన్నాన్నకు ఇస్తే, విలువ 50 వేలు దాటితే మొత్తం ఆదాయమే అవుతుంది. కలిసి పెరిగిన పెద్దనాన్న కొడుకు అయితే ఆ జాబితాలోనే లేడు.

రుసుము తగ్గించాలనేవాళ్లు వేరే రాష్ట్రాలను చూపిస్తున్నారు. మహారాష్ట్ర 2015 నుంచి ఇంటి దానానికి 200 రూపాయల స్టాంపు డ్యూటీతో సరిపెట్టుకుంటోంది. ఉత్తరప్రదేశ్ 2022లో 5,000 రూపాయలకు పరిమితం చేసింది. ఏ నమూనా తెచ్చుకుంటామన్నది చిన్న విషయం కాదు. మహారాష్ట్ర జాబితాలో భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, చనిపోయిన కొడుకు భార్య ఉన్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేరు. ఉత్తరప్రదేశ్ జాబితాలో ఉన్నారు. వరంగల్‌లో హక్కు విడుదల దస్తావేజుల మీద సంతకాలు పెడుతున్నది ఎక్కువగా అక్కచెల్లెళ్లే. మహారాష్ట్ర జాబితాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఆ దస్తావేజుల ఖర్చులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.