ఇంద్రధనుస్సు: నేను తప్పుగా నేర్చుకున్నవి, కొన్నాళ్ళు తప్పుగా నేర్పినవి

కాంతి గురించి పాఠాలు చెప్పడం నా వృత్తి. పట్టకాలు, కటకాలు, లేజర్లు ఎన్ని చూపించినా పిల్లలు చివరికి ఇంద్రధనుస్సు దగ్గరికే వస్తారు. అయితే వాళ్ళు అడిగే సందేహాల కంటే అడక్కుండా నమ్మేసినవే ఎక్కువ. వాటిలో సగానికి మూలం ఒక్కటే బొమ్మ. అందరం చూసిందే: గుండ్రటి నీటి బిందువు, పక్కనుంచి ఒక తెల్ల కిరణం, లోపల ఒక మలుపు, కిందనుంచి విసనకర్రలా విచ్చుకున్న ఏడు గీతలు. ఆ బొమ్మలో గీసినదంతా దాదాపు సరైనదే. గీయనిది మాత్రం ఒకటుంది, చూసేవాడి కన్ను.

అపోహ: ఒక్కో చినుకు మన కంటికి ఏడు రంగులూ పంపుతుంది.

ఒకసారి క్లాసులో ఓ అమ్మాయి లేచి అడిగింది: "సార్, బొమ్మలో ఎరుపు అన్నిటికంటే కింద ఉంది. ఆకాశంలో పైన ఉంటుంది కదా?" చాలామంది టీచర్లు ఈ ప్రశ్న దగ్గర తడబడతారు. నేనూ తడబడ్డాను.

చినుకు అన్ని రంగులనూ బయటికి పంపే మాట నిజమే, కానీ ఒకే దిశలో కాదు. సూర్యకాంతి వచ్చిన దారితో పోల్చితే ఎరుపు 42 డిగ్రీలకు కాస్త పైన, ఊదా 40.5 డిగ్రీల దగ్గర బయటపడతాయి. అర కిలోమీటరు దూరంలో ఉన్న చినుకు నుంచి ఎర్ర కిరణం మీ కంట్లో పడిందనుకోండి. అదే చినుకు పంపిన ఊదా కిరణం మీ తలకు దాదాపు 15 మీటర్ల పైనుంచి వెళ్ళిపోతుంది. అంటే ఆ చినుకు మీ వరకూ ఎరుపు చినుకే. మీకు ఊదా కావాలంటే అది ఇంకాస్త కిందున్న వేరే చినుకు నుంచి రావాలి. అందుకే ఒక్క చినుకు బొమ్మలో ఎరుపు కింద, ఆకాశంలో ఎరుపు పైన.

చినుకు ఆగి ఉండదు కూడా. కిందికి జారుతూ క్షణాల్లో మీకు ముందు ఎరుపు, తర్వాత పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా పంపి వరుస దాటిపోతుంది. దాని చోటులోకి పైనుంచి ఇంకోటి వస్తుంది. విల్లు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది గానీ అందులోని నీళ్ళు ప్రతి క్షణం మారిపోతూనే ఉంటాయి.

అపోహ: చినుకు లోపల సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది, అంటే కాంతి ఏమాత్రం బయటికి పోకుండా అంతా లోపలికే తిరిగొస్తుంది.

ఇది నా తప్పు. ఏళ్ళ తరబడి బోర్డు మీద ఇలాగే రాశాను. చాలా గైడ్లలో ఇప్పటికీ ఇదే ఉంది, పరీక్షలో రాస్తే మార్కులూ పడతాయి. కానీ జరగదు. జరగడానికి వీల్లేదు.

కాగితం మీద ఒక వృత్తం గీసి చూడండి. కిరణం లోపలికి వచ్చిన బిందువు నుంచి కేంద్రానికి ఒక గీత, వెనక గోడను తాకిన బిందువు నుంచి కేంద్రానికి ఇంకో గీత గీయండి. రెండూ వ్యాసార్ధాలే, కాబట్టి సమద్విబాహు త్రిభుజం వచ్చింది. అంటే కిరణం లోపలికి రాగానే లంబంతో (ఇక్కడ ఆ వ్యాసార్ధమే లంబం) ఎంత కోణం చేసిందో, వెనక గోడ దగ్గరా అంతే చేస్తుంది. నీటికి సందిగ్ధ కోణం, అంటే దాన్ని మించితే కాంతి ఇక బయటికి పోలేని కోణం, సుమారు 48.6 డిగ్రీలు. బయటి నుంచి ఎంత వాలుగా వచ్చిన కిరణమైనా నీటిలోకి వంగాక ఆ కోణాన్ని మించలేదు. లోపల మించనిది వెనక గోడ దగ్గర ఎలా మించుతుంది? వచ్చే దారి దొరికిన కిరణానికి పోయే దారీ దొరికినట్టే.

ఇంద్రధనుస్సుకు కారణమయ్యే కిరణం లోపల చేసే కోణం సుమారు 40 డిగ్రీలు. వెనక గోడ దగ్గర కాంతిలో దాదాపు 94 శాతం బయటికి పోతుంది. మిగిలిన ఆ 6 శాతమే వెనక్కి తిరిగి మనవైపు వస్తుంది. మనం నోరు వెళ్ళబెట్టి చూసేదంతా ఆ మిగులు వెలుగే. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు సిగ్గుకన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది.

అపోహ: పట్టకం తెల్లకాంతిని విడదీసినట్టే చినుకూ విడదీస్తుంది, అంతటితో కథ అయిపోయింది.

రంగులకు అది చాలు, విల్లుకు చాలదు. ఆలోచించండి, సూర్యకాంతి చినుకు ముఖం మీద అంతటా పడుతుంది, నడిమధ్యనా అంచునా కూడా. ఒక్కో కిరణం ఒక్కో కోణంలో వెనక్కి రావాలి. మరి 42 దగ్గరే అంత వెలుగెందుకు?

సరిగ్గా మధ్యలో పడిన కిరణం వచ్చిన దారినే వెనక్కి పోతుంది, దాని కోణం సున్నా. మధ్య నుంచి అంచువైపు జరిగేకొద్దీ కోణం పెరుగుతుంది, 42 దాకా వెళ్తుంది, అక్కడ ఆగి మళ్ళీ తగ్గడం మొదలెడుతుంది. ఊయల ఊగేటప్పుడు చివరికి వెళ్ళి, ఒక్క క్షణం నిలిచినట్టయి, వెనక్కి వస్తుంది చూడండి, అచ్చం అలాగే. మలుపు దగ్గర కోణం పెద్దగా మారదు కాబట్టి పక్కపక్కన పడిన కిరణాలన్నీ దాదాపు ఒకే దిశలో గుంపు కడతాయి. ఆ గుంపే విల్లు. ఎరుపుకి మలుపు ఒక చోట, ఊదాకి ఇంకో చోట, అందుకే రంగుల వరుస.

దీనికి ఒక సాక్ష్యం మీరు కళ్ళతో చూడొచ్చు. విల్లు లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే తెల్లగా, వెలుతురుగా ఉంటుంది. మలుపుకి ముందూ వెనకా ఉన్న కోణాల్లో వచ్చే రంగులన్నీ కలిసిపోయి అక్కడ తెలుపు అవుతాయి. ఫొటోల్లో కూడా ఇది స్పష్టంగా తెలుస్తుంది, కానీ చెప్పేదాకా ఎవరూ గమనించరు.

ఈ విషయం తేలడానికి చాలాకాలం పట్టింది. 14వ శతాబ్దం మొదట్లో పర్షియాలో కమాల్ అల్-దీన్ అల్-ఫారిసీ, జర్మనీలో థియోడోరిక్ అనే ఇద్దరు పండితులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, నీళ్ళు నింపిన గాజు గోళాన్ని పెద్ద చినుకుగా భావించి కిరణాల దారి పట్టుకున్నారు. 42 దగ్గరి గుంపును 1637లో ఫ్రెంచ్ గణితవేత్త దెకార్త్ ఒక్కో కిరణానికీ విడివిడిగా లెక్క కట్టి చూపించాడు. రంగుల గుట్టు మాత్రం న్యూటన్ విప్పాడు. ఇప్పటికీ నేను క్లాసుకి గుండ్రటి ఫ్లాస్కులో నీళ్ళు పోసుకుని వెళ్తాను. ఏడు వందల ఏళ్ళ నాటి ప్రయోగం, ఒక్కసారీ మోసం చెయ్యలేదు.

అపోహ: రంగులు సరిగ్గా ఏడు.

న్యూటన్ మొదట ఐదే చెప్పాడు. సంగీతంలో స్వరాలు ఏడు కదా, వాటితో పోలిక కుదరాలని నారింజ, ఇండిగో తర్వాత చేర్చాడు. నిజానికి ఒక రంగు ఇంకో రంగులోకి జారిపోతుంటే మధ్యలో గీతలెక్కడ? పైగా సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం. అందువల్ల రంగులు ఒకదానిపై ఒకటి కొంచెం పడి కలిసిపోతాయి. విబ్జియార్ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, అంతవరకే.

అపోహ: అది ఆకాశంలో ఒక చోట ఉంటుంది, నడుచుకుంటూ పోతే దాని కాళ్ళ దగ్గరికి చేరొచ్చు.

విల్లు కేంద్రం మీ తల నీడ దిశలో ఉంటుంది. సూర్యుడి నుంచి మీ తల మీదుగా గీత గీస్తే అది ఎటు పోతుందో అటే. ఆ గీతకు చుట్టూ 42 డిగ్రీల దూరంలో ఎక్కడ చినుకులుంటే అక్కడ మీకు రంగు. మీరు జరిగితే గీత జరుగుతుంది, విల్లూ జరుగుతుంది. పక్కన నిలబడ్డ మనిషి తల వేరు, కాబట్టి ఆ మనిషి చూసే చినుకులు వేరు, విల్లు వేరు. ఇంకా లోతుకి పోతే మీ రెండు కళ్ళూ చూసేదీ ఒకే విల్లు కాదు. తోటకి నీళ్ళు కొట్టే పైపు నోరు వేలితో నొక్కి, సూర్యుడికి వీపు పెట్టి తుంపర దగ్గరగా కొట్టండి. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూస్తే విల్లు పక్కకి గెంతుతుంది.

వెతకడానికి ఒక చిట్కా: చెయ్యి పూర్తిగా చాచి జాన పెడితే అది సుమారు 20 డిగ్రీలు. తల నీడ నుంచి రెండు జానలు కొలవండి. రంగులుంటే అక్కడే ఉండాలి.

ఇది అర్థమైతే ఇంకో రెండు అపోహలు వాటంతటవే పోతాయి. విల్లు అర్ధవృత్తమని అంటారు. నిజానికి అది పూర్తి వృత్తమే, కింది భాగాన్ని నేల అడ్డుకుంటుంది, అంతే. విమానం నుంచి, ఎత్తైన చోట్ల నుంచి మొత్తం చక్రం చూసినవాళ్ళున్నారు. (విమానం నీడ చుట్టూ కనబడే చిన్న రంగుల వలయం మాత్రం ఇది కాదు, దాని భౌతికశాస్త్రం వేరు.) రెండోది, ఎండా వానా ఉంటే ఏ వేళైనా వస్తుందనుకోవడం. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకెక్కితే నేల మీద నిలబడ్డవాడికి విల్లు మొత్తం దిగంతం కిందికి పోతుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం ఎంత వెతికినా వృథా. ఉదయం పడమట, సాయంత్రం తూర్పున చూడాలి. సూర్యుడు ఎంత కిందుంటే చాపం అంత పెద్దది. "వాన వెలిశాక వస్తుంది" అనేదీ సగమే నిజం. మన దగ్గర వెలిసి ఉండొచ్చు, కానీ ఎదురుగా ఇంకా పడుతూనే ఉండాలి.

అపోహ: రెండో విల్లు మొదటి దాని ప్రతిబింబం.

రంగుల వరుస తిరగబడి ఉంటుంది కాబట్టి ఇలా అనిపించడం సహజమే. కానీ దీనికి మొదటి దానితో పనిలేదు. వేరే కిరణాలు చినుకు లోపల రెండుసార్లు పరావర్తనం చెంది 51 డిగ్రీల చుట్టుపక్కల బయటికొస్తాయి. ప్రతి పరావర్తనం దగ్గరా కాంతి కారిపోతుంది కదా, అందుకే వెలవెలబోతుంది. రెండు విల్లుల మధ్య ఆకాశం నల్లబడినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ కోణాల్లోకి ఒక పరావర్తనం కిరణాలూ రావు, రెండు పరావర్తనాల కిరణాలూ రావు. సుమారు 1,800 ఏళ్ళ కిందటే దీన్ని వర్ణించిన అలెగ్జాండర్ అనే తత్వవేత్త పేరుతో ఆ నల్ల పట్టీని అలెగ్జాండర్ పట్టీ అంటారు.

మూడోది కూడా ఉంది. మన వీపు వైపు, సూర్యుడి చుట్టూ. ఆ వెలుగులో దాదాపు కనిపించదు. దాని ఫొటో 2011లో గానీ దొరకలేదు.

అపోహ: సూర్యుడి చుట్టూ కనిపించే గుండ్రటి రంగుల వలయం ఇంద్రధనుస్సే.

నా ఫోనుకి వచ్చే ఫొటోల్లో ఎక్కువ ఇవే. ఆ వలయం ఎత్తైన మేఘాల్లోని మంచు స్ఫటికాల పని, సూర్యుడి నుంచి 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. చినుకులకు సంబంధం లేదు. వీపు వైపు సూర్యుడుంటే ఇంద్రధనుస్సు, ఎదురుగా ఉంటే దాదాపు ఎప్పుడూ మరేదో.

అపోహ: రాత్రి రాదు.

చంద్రుడి వెలుగుకీ వస్తుంది. మన కంటికి తెల్లటి చాపంలా కనిపిస్తుంది, ఎందుకంటే అంత తక్కువ వెలుతురులో కళ్ళు రంగులు పట్టలేవు. కెమెరాని కాసేపు తెరిచి ఉంచితే రంగులన్నీ వస్తాయి. పొగమంచు విల్లు సంగతి వేరు, అది నిజంగానే దాదాపు తెలుపు. బిందువులు మరీ చిన్నవి కావడంతో ఒక్కో రంగూ వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది.

విల్లు నాలుగు నిమిషాల ముచ్చట అనే మాటకు తైవాన్‌లోని తైపే నగరం జవాబు చెప్పింది. 2017 నవంబరు 30న అక్కడ విల్లు 8 గంటల 58 నిమిషాలు నిలిచి రికార్డుకెక్కింది.

చివరగా నల్ల కళ్ళజోడు సంగతి. చినుకు లోపల పరావర్తనం జరిగే కోణం వల్ల విల్లు నుంచి వచ్చే కాంతి చాలావరకు ధ్రువణం చెంది ఉంటుంది, అంటే ఒకే దిశలో కంపిస్తుంది, చాపం ఎటు సాగితే అటు. పోలరాయిడ్ అద్దాలు అడ్డంగా కంపించే కాంతిని ఆపేస్తాయి. కాబట్టి వాటితో చూస్తే విల్లు నడినెత్తి మాయమై పక్కనున్న కాళ్ళు మాత్రం మిగులుతాయి. తల పక్కకి పూర్తిగా వాల్చితే నెత్తి తిరిగొస్తుంది, కాళ్ళు పోతాయి. పక్కవాళ్ళు "అదిగో" అంటుంటే మీకు మాత్రం పైభాగం కనబడకపోతే ముందు కళ్ళజోడు తీసి చూడండి.