బొడ్డు ఎటు కదిలింది?

నల్గొండ బస్సు దిగి ఎల్బీనగర్ నుంచి ఆటోలో ఆస్పత్రికి చేరేసరికి మా మామయ్య కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఏడాదిన్నరగా అదే వరస. ఊళ్లో అందరూ నడుం నొప్పే అన్నారు. నడుముకి ఎమ్మారై తీయిస్తే చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టరుగారు ఆ ఫిల్మ్ పక్కన పెట్టి ముందు అడిగింది చెప్పుల గురించి. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు మీకు తెలుస్తోందా?"

"తెల్వదు సార్. ఎనకకు తిరిగి చూస్తే బాట మీద పడి ఉంటది."

జారుతోందని తెలిసీ ఆపలేకపోతే పాదంలో బలం తగ్గిందని అనుమానం. జారిన సంగతే తెలియకపోతే స్పర్శ తగ్గిందని.

తర్వాత ఆయన జేబులోంచి తాళంచెవి తీశారు. దాని మొద్దు కొసతో మడమ దగ్గర మొదలుపెట్టి, అరికాలి బయటి అంచు వెంట మెల్లగా గీసుకుంటూ చిటికెన వేలి కిందికి వచ్చి, అక్కడి నుంచి బొటనవేలి మొదలు వైపు మళ్లించారు. ఏ కదలికా లేదు. ముప్పై ఏళ్లు పొలంలో ఉత్త కాళ్లతో తిరిగిన పాదం, తోలులా గట్టిపడింది. ఆయన తొందరపడలేదు. బయటి చీలమండ ఎముక కింద, చర్మం పలచగా ఉన్నచోట గీశారు. మామయ్య బొటనవేలు నిదానంగా పైకి లేచింది. మిగతా వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి.

"సమస్య నడుములో లేదు, ఇంకా పైన ఉంది" అన్నారు డాక్టరుగారు.

ఒక్క వేలు లేస్తే అంత మాట ఎలా అనగలిగారో తెలుసుకోవాలని తర్వాత నేను పట్టుబట్టి చదివాను.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల అరికాలు గీస్తే వేళ్లు కిందికి ముడుచుకుంటాయి. మెదడు నుంచి వెన్నుపాము గుండా దిగే ఆజ్ఞల దారి దెబ్బతింటే బొటనవేలు పైకి లేస్తుంది. దీన్ని 1896లో పారిస్‌లో నరాల వైద్యుడు జోసెఫ్ బాబిన్‌స్కీ పేజీ కూడా నిండనంత చిన్న నోట్‌లో చెప్పాడు. చీలమండ కింద గీసే పద్ధతికి అమెరికా డాక్టర్ చాడాక్ పేరు ఉంది, అది 1911 నాటి మాట. నడుం దగ్గర ఈ ఆజ్ఞల దారి ఉండదు. వెన్నుపాము నడుము మొదట్లోనే అయిపోతుంది, ఆ కింద ఉన్నది గుర్రం తోకలా వేలాడే నరాల గుత్తి. అక్కడ నరాలు నలిగితే కాళ్లు మెత్తబడతాయి, బొటనవేలు మాత్రం ఇలా పైకి లేవదు.

పసిపిల్లల్లో మాత్రం ఈ వేలు లేవడం సహజం. అమ్మమ్మ కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసేటప్పుడు పాదం రుద్దితే బుల్లి వేళ్లు పైకి విచ్చుకోవడం చూసే ఉంటారు. ఆ వయసుకి నరాల మీద మైలిన్ అనే కొవ్వు పూత ఇంకా పూర్తి కాదు. నడక వచ్చి, ఏడాది రెండేళ్లు నిండేలోగా వేళ్లు కిందికి ముడుచుకోవడం మొదలవుతుంది.

మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరడం మనకు తెలిసిందే. అసంకల్పిత ప్రతీకార చర్య, అంటే రిఫ్లెక్స్ అని బడిలో చదువుకున్నాం. అక్కడ సుత్తి సాగదీసేది కండరాన్ని. ఆ కబురు వెన్నుపాములోకి వెళ్లి ఒకే ఒక్క చేయి మారి వెనక్కి వచ్చేస్తుంది. మెదడు దాన్ని అదుపులో పెడుతుందంతే. అందుకే పైదారి దెబ్బతిన్న కొన్నాళ్లకు మోకాలు మరింత గట్టిగా ఎగురుతుంది. చర్మాన్ని గీస్తే వచ్చే రిఫ్లెక్స్ తీరు వేరు. ఆ కబురు చాలా నాడీకణాల చేతులు మారుతుంది, పైనుంచి మెదడు దన్ను కూడా కావాలి. దన్ను పోతే, పొట్ట మీద గీస్తే కండరం ముడుచుకునే రిఫ్లెక్స్ ఆగిపోతుంది. ఒకే జబ్బుకి మోకాలు రెచ్చిపోవడం, పొట్ట మూగబోవడం! ఈ పరీక్షలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఇదే.

మామయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట బిగించకుండా ఉండమని, డాక్టరుగారు పక్క నుంచి బొడ్డు వైపు గీశారు. బొడ్డు పైభాగంలో గీసినప్పుడు చర్మం కింద కండరం చటుక్కున ముడుచుకుంది, బొడ్డు గీత వచ్చిన వైపుకి ఇంచుక జరిగింది. కింద గీస్తే ఏమీ లేదు, రెండు పక్కలా. బొడ్డు చుట్టూ స్పర్శ చూసేది వీపు భాగపు పదో నరం. అంటే తేడా ఆ చుట్టుపక్కలే. ఈసారి ఎమ్మారై వీపుకి రాశారు.

దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. లావుగా ఉన్నవాళ్లలో, చాలా కాన్పులైన తల్లుల్లో, పొట్ట ఆపరేషన్ జరిగినవాళ్లలో, ముసలివాళ్లలో జబ్బేమీ లేకున్నా ఇది కనిపించకపోవచ్చు. వరసగా గీస్తూ పోతే అలసిపోయి ఆగిపోతుంది కూడా. మామయ్యకు యాభై నిండలేదు, బక్కపలచటి మనిషి, అందుకే అంత స్పష్టంగా కనిపించింది.

కంటి నల్లగుడ్డు పైపొరను తాకితే రెప్ప పడడమూ ఈ కుటుంబంలోదే. 1889లో ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో మత్తుమందు క్లోరోఫామ్‌ను పరీక్షించిన రెండో క్లోరోఫామ్ కమిషన్, వేలికొసతో కంటిని తాకినా రెప్ప పడకపోతే రోగి ఆపరేషన్‌కి సిద్ధమైనట్టేనని రాసింది. క్లోరోఫామ్‌తో గుండె కంటే ముందు ఊపిరే ఆగుతుందని వాళ్లు తేల్చిన పెద్ద మాట తర్వాత నిలవలేదు. కానీ రిఫ్లెక్స్ ఆగిపోవడాన్ని కూడా ఒక జవాబుగా చదవడం ఈ ఊళ్లో అప్పటికే ఉందని తెలిసి నాకెంతో సంతోషమనిపించింది.

వీపు ఎమ్మారైలో అసలు సంగతి బయటపడింది. వెన్నెముక లోపల ఎముకలను కలిపి ఉంచే పట్టీ, అంటే లిగమెంట్, ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతోంది. మా వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఇలా జరగొచ్చు. పళ్ల మీద గోధుమరంగు మరకలు మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కానీ, అది వెన్నుపాము దాకా వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. మామయ్య కర్ర పట్టుకుని పొలం గట్టు దాకా వెళ్లొస్తున్నాడు. బొటనవేలు ఇంకా పైకే లేస్తోంది. అది అలాగే ఉండిపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. చెప్పు ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతోంది, కాకపోతే జారగానే తెలుస్తోందట.