లాలాను ఓడెక్కించిన నాటి నుంచి

ఆ మధ్య విజయనగరంలో ఒక గ్రౌండ్ దగ్గర కుర్రాళ్ళ జిల్లా జట్టుకు సెలక్షన్ జరిగింది. మా పక్కింటి గుంటడు వెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. సాయంత్రానికి జాబితా వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. వాళ్ళ నాన్న స్క్రీన్‌ను రెండు వేళ్ళతో పెద్దది చేసి పై నుంచి కిందికి చదివాడు, మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు. పేరు లేదు. కుర్రాడు కిట్ బ్యాగు మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ, "ఓపాలి సార్ని అడుగుదామా నాన్నా, ఎందుకు తీసేసేరో?" అన్నాడు. తండ్రి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒద్దు బావూ. ఇప్పుడేటైనా అంటే ఒచ్చే ఏడు కూడా పేరుండదు. ఒగ్గీ."

క్రికెట్‌లో ఈ భయానికి తొంభై ఏళ్ళ వయసుంది. దాని మొదటి పెద్ద కథలో మా ఊరి పేరే ఉంది.

2025 అక్టోబర్‌లో వన్డే కెప్టెన్సీ రోహిత్ శర్మ నుంచి శుభ్‌మన్ గిల్‌కు వెళ్ళినప్పుడు ఊళ్ళో టీ కొట్ల దగ్గర కూడా అదే చర్చ. ఆ ఏడాది మార్చిలోనే రోహిత్ చాంపియన్స్ ట్రోఫీ గెలిపించాడు కదా, అప్పుడే ఎందుకు మార్చారని. అదే నెలలో, జట్టులో చోటు దొరకని పేసర్ షమీ నోరు విప్పాడు. రంజీలో నాలుగు రోజుల ఆట ఆడగలిగినవాడు యాభై ఓవర్ల ఆట ఆడలేడా అన్నది అతని ప్రశ్న. దానికి చీఫ్ సెలక్టర్ అగార్కర్ జవాబిచ్చాడు, ఆ జవాబు మీద మళ్ళీ రెండు రోజుల చర్చలు నడిచాయి. ఆటగాళ్ళు ఇలా బయటపడి మాట్లాడటం ఈ ఇన్‌స్టాగ్రామ్ రోజుల్లోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు.

విజయనగరం అనగానే మనకి గురజాడ గుర్తొస్తాడు, ద్వారం వారి వయొలిన్, సంగీత కళాశాల గుర్తొస్తాయి. పాత క్రికెట్ చదివినవాళ్ళకి మాత్రం విజ్జీ గుర్తొస్తాడు. పూసపాటి విజయానంద గజపతి రాజు, 1905లో పుట్టిన మహారాజ్‌కుమార్. జమీందారు గారి రెండో అబ్బాయి కాబట్టి గద్దె అన్నగారికి పోయింది, ఈయన కాశీ వెళ్ళి స్థిరపడ్డాడు. ప్యాలెస్‌లోనే గ్రౌండ్ వేయించాడు. 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివాళ్ళను ఇండియాకు, సిలోన్‌కు రప్పించి ఆడించాడు. డబ్బుంది, ఆట మీద ప్రేమా ఉంది, ఇండియాకు కెప్టెన్ కావాలన్న కోరిక మరీ ఉంది. బ్యాటింగ్ ఒక్కటే అంతంతమాత్రం.

1932లో ఇంగ్లండ్ వెళ్ళే జట్టుకు పోర్‌బందర్ మహారాజును కెప్టెన్‌గా పెట్టారు. విజ్జీకి వైస్ కెప్టెన్ కిందివాడిగా ఒక హోదా ఇస్తే, వద్దని ఆ టూర్‌కే వెళ్ళలేదు. పోర్‌బందర్ రాజావారికి తన ఆట సంగతి తెలుసు. లార్డ్స్‌లో మొదటి టెస్టుకు తాను పక్కకు తప్పుకుని సి.కె.నాయుడుకు జట్టునప్పగించారు. అలా ఇండియా తొలి టెస్టు కెప్టెన్ నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడయ్యాడు. నాలుగేళ్ళు తిరిగాక, 1936లో, అదే పదవి విజ్జీకి దక్కింది. నాయుడు మామూలు ఆటగాడిగా ఆయన కింద ఆడాడు. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరికీ పడేది కాదు.

ఆ టూర్‌లో అందరికన్నా మంచి ఊపు మీదున్నవాడు లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో ఇండియా తరఫున మొట్టమొదటి టెస్టు సెంచరీ కొట్టింది అతనే. జూన్‌లో, మొదటి టెస్టుకు ఇంకో వారం ఉందనగా, లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. వికెట్ పడింది, వేరేవాళ్ళను పంపారు. ఇంకో వికెట్ పడింది, మళ్ళీ వేరేవాళ్ళను పంపారు. ప్యాడ్లు కట్టుకుని ఎంతసేపు కూర్చుంటే అంత చిరాకని గల్లీ క్రికెట్ ఆడినవాళ్ళకీ తెలుసు. ఆఖర్న కాసేపు ఆడి వచ్చి, ప్యాడ్లు విప్పి విసిరేసి, పంజాబీలో ఏదో అన్నాడు. అంతే. మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్స్, కెప్టెన్ విజ్జీ కలిసి క్రమశిక్షణ తప్పాడని తేల్చారు. సీనియర్లు బతిమాలినా వినకుండా ఇండియాకు ఓడెక్కించి పంపేశారు. అప్పటికి టూర్‌లో అతనివి 613 పరుగులు, 32 వికెట్లు.

ఇంతకీ కెప్టెన్ గారు మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్‌లు ఆడి చేసింది 33 పరుగులు. సిరీస్ 0-2తో పోయింది. ఆ టూర్‌లో ఉండగానే ఆయన 'సర్' కూడా అయ్యారు.

ఆ టూర్ మీద పుట్టిన కథలు ఇంకా ఉన్నాయి. పొద్దున టిఫిన్ దగ్గర నాయుడును తిట్టినందుకు బకా జిలానీకి టెస్టు చోటు దొరికిందని ఒకటి. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు వాచీ ఇస్తానని ముస్తాక్ అలీకి ఆశ పెట్టారని ఇంకొకటి. ముస్తాక్ ఆ మాట మర్చంట్‌కే చెప్పి నవ్వాడట. అందులో ఎంత నిజమో గానీ స్కోరుబోర్డు మాత్రం అబద్ధం చెప్పదు. ఆ ఇన్నింగ్స్‌లో ఇద్దరూ సెంచరీలు కొట్టి మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించారు.

ఓడెక్కించడం దగ్గరే కథ ఆగిపోయి ఉంటే విజ్జీ మాటే చరిత్రలో మిగిలేది. కానీ ఇండియాలో గోల లేచింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ కమిటీ వేశారు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. కెప్టెన్‌కు ఫీల్డింగ్ పెట్టడం, బౌలింగ్ మార్చడం తెలియదని, బ్యాటింగ్ ఆర్డర్ అంటూ ఒకటి పాటించలేదని, మంచి ఆటగాళ్ళను వారాల తరబడి ఖాళీగా కూర్చోబెట్టారని అందులో రాశారు. అమర్‌నాథ్ మీద పెట్టిన ఆరోపణలు కొట్టేశారు. నా దృష్టిలో ఆ నివేదికలో అసలు విలువైనది తీర్పు కాదు. ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కెప్టెన్ గురించి తాము అనుకున్నది అధికారికంగా చెప్పగలిగారు. అలాంటి గది ఒకటి ఆ తర్వాత మన ఆటగాళ్ళకి దాదాపు దొరకలేదు. అందుకే ఆ మాటలన్నీ ప్రెస్‌మీట్లలోకీ ట్వీట్లలోకీ వచ్చిపడుతున్నాయి.

విజ్జీ మళ్ళీ టెస్టు ఆడలేదు. అలాగని క్రికెట్ ఆయన్ని వదల్లేదు. 1954లో బోర్డు అధ్యక్షుడు, 1958లో పద్మభూషణ్, తర్వాత విశాఖపట్నం నుంచి లోక్‌సభ. యూనివర్సిటీ జోన్లు ఆడే ట్రోఫీకి ఆయన పేరే, మా ఊళ్ళో స్టేడియంకీ ఆయన పేరే. పొద్దున్న అక్కడ నడకకు వచ్చేవాళ్ళలో ఒకాయన ఓసారి, "విజ్జీ అంటే పెద్ద బౌలరాండీ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, "కెప్టెనండి" అని ఊరుకున్నాను.

ఓడెక్కిన లాలా సంగతి ఇంకా పెద్దది. స్వతంత్ర భారత జట్టుకు తొలి కెప్టెన్‌గా 1947-48లో ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1949లో బోర్డు సస్పెండ్ చేస్తే దానిమీదా పోట్లాడి తిరిగొచ్చి, 1952లో పాకిస్తాన్ మీద సిరీస్ గెలిపించాడు. ఆ తర్వాత సెలక్టర్ల కుర్చీ ఎక్కాడు. ఆయన ఛైర్మన్‌గా ఉండగానే, 1958-59లో వెస్టిండీస్ వచ్చినప్పుడు, ఇండియా అయిదు టెస్టులకు నలుగురు కెప్టెన్లను మార్చింది. ఉమ్రీగర్, మన హైదరాబాద్ గులాం అహ్మద్, మన్కడ్, హేమూ అధికారి. మద్రాస్ టెస్టుకు తుది జట్టులో ఎవరుండాలన్న గొడవలో ఉమ్రీగర్ మ్యాచ్ ముందర రాజీనామా పారేశాడు. సిరీస్ ఎలా పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రనౌట్ కాని ఆ మర్చంట్ కూడా ఇదే దారిలో వచ్చాడు. 1971లో చీఫ్ సెలక్టర్‌గా తన కాస్టింగ్ ఓటుతో, అంటే ఓట్లు సమమైనప్పుడు ఛైర్మన్ వేసే ఓటుతో, పటౌడీని దించి వాడేకర్‌ను కెప్టెన్ చేశాడు. పటౌడీ ఆ టూర్‌కు వెళ్ళలేదు, ఆ ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో నిలబడి ఓడాడు. వాడేకర్ మాత్రం వెస్టిండీస్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ గెలిచొచ్చాడు కాబట్టి ఆ ఓటు గురించి ఎవరూ గట్టిగా అడగలేదు. గెలిస్తే సెలక్షన్ గురించి ప్రశ్నలుండవు మరి.

మాట్లాడినవాళ్ళకి ఏమవుతుందో కూడా ఆ దశాబ్దంలోనే చూపించారు. 1974లో ఇంగ్లండ్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూ ఇచ్చినందుకు స్పిన్నర్ బిషన్ బేడీని బెంగళూరు టెస్టు నుంచి తప్పించారు. రిచర్డ్స్, గ్రీనిడ్జ్ మొదటిసారి ఆడిన టెస్టు అది. 1979లో కెప్టెన్ వెంకటరాఘవన్‌తో ముఖాముఖి చెప్పే పని కూడా ఎవరూ పెట్టుకోలేదు. ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తుంటే విమానంలో పైలట్ మైకులో ప్రకటించాడు, కెప్టెన్సీ మళ్ళీ గవాస్కర్‌దేనని. అప్పుడు వెంకట్ ముఖం ఎలా ఉందో ఊహించుకోవడానికి క్రికెట్ తెలియక్కర్లేదు.

ఇక లాలా కొడుకు. 1983 ప్రపంచ కప్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయిన మొహిందర్ అమర్‌నాథ్‌ను జట్టులోకి తీయడం, తోసేయడం సెలక్టర్లకు అలవాటైపోయింది. 1988లో న్యూజిలాండ్ సిరీస్‌కు మళ్ళీ తప్పించాక అతను సెలక్టర్లను జోకర్ల గుంపు అన్నాడు. ప్యాడ్లు విసిరిన తండ్రి కొడుకు కదా అనిపిస్తుంది. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది, అతని టెస్టు కెరీర్ మాత్రం అక్కడితో అయిపోయింది. తమాషా ఏమిటంటే 2011లో అతనూ సెలక్టరయ్యాడు. ఇంగ్లండ్‌లో 0-4, ఆస్ట్రేలియాలో 0-4 ఓడాక ధోనీని కెప్టెన్సీ నుంచి తప్పిద్దామని సెలక్టర్లు అనుకుంటే బోర్డు అధ్యక్షుడు శ్రీనివాసన్ ఒప్పుకోలేదు. ఈ సంగతి మొహిందర్ బయటపెట్టింది 2012లో, సెలక్టర్ పదవి పోయాక. ఆటగాడైనా సెలక్టరైనా కుర్చీ కిందుండగా నోరు లేవదు.

ఈ లెక్కకు ఎదురెళ్ళినవాళ్ళు తక్కువ. సౌరవ్ గంగూలీ ఒకడు. 2005 సెప్టెంబర్‌లో బులవాయోలో సెంచరీ కొట్టిన రోజే, మ్యాచ్ ముందు తనను తప్పుకోమన్నారని విలేకరులకు చెప్పేశాడు. చేతిలో సెంచరీ ఉన్నప్పుడు చెప్పాలన్న తెలివి అది. అయినా అతని మీద కోచ్ చాపెల్ బోర్డుకు రాసిన ఈ-మెయిల్ బయటికొచ్చింది, కెప్టెన్సీ ద్రవిడ్‌కు వెళ్ళింది. పదహారేళ్ళ తర్వాత అదే గంగూలీ బోర్డు అధ్యక్షుడు. టీ20 కెప్టెన్సీ వదలొద్దని కోహ్లీని తానే అడిగానన్నాడు. 2021 డిసెంబర్ 15న, దక్షిణాఫ్రికా వెళ్ళే ముందు కోహ్లీ మైకు ముందుకొచ్చి, అలా తనతో ఎవరూ అనలేదన్నాడు. వన్డే కెప్టెన్సీ పోయిన సంగతి సెలక్షన్ మీటింగ్‌కు గంటన్నర ముందు ఫోన్ చేసి, టెస్టు జట్టు గురించి మాట్లాడి, పెట్టేసే ముందు చెప్పారని కూడా అన్నాడు. నెల తిరిగేసరికి టెస్టు కెప్టెన్సీ తనే వదిలేశాడు. గంగూలీ, కోహ్లీల్లో ఎవరి మాట నిజమో తేల్చడానికి ఈసారి బ్యూమాంట్ లేడు.

మనవాళ్ళ ముచ్చట ఒకటి చెప్పకపోతే వెలితి. 2019 ప్రపంచ కప్‌కు గుంటూరు కుర్రాడు అంబటి రాయుడిని పక్కన పెట్టి విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. తీసుకున్న చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే. విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని, 'త్రీ డైమెన్షన్' అని ఆయన అన్నాడు. మర్నాడే రాయుడు, ప్రపంచ కప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్ళజోడు ఆర్డరిచ్చానని ట్వీట్ పెట్టాడు. ఒక్క వాక్యం, తిట్టు లేదు, పేరు లేదు. ఆ ట్వీట్ తనకూ నచ్చిందని ప్రసాద్ తర్వాత అన్నాడు. నచ్చడం వరకే, విజయ్ శంకర్ గాయపడినప్పుడు కూడా పిలుపు మయాంక్ అగర్వాల్‌కు వెళ్ళింది. రాయుడు ఆ జులైలో రిటైర్మెంట్ ప్రకటించి, తర్వాత మనసు మార్చుకున్నాడు.

ఇవన్నీ ఇండియా జట్టు కథలు. ఆంధ్ర జట్టు కథ మాకు ఇంకా దగ్గరది. హనుమ విహారి 16 టెస్టులు ఆడినవాడు. 2021లో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. 2023లో ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడి ఆడాడు. 2023-24 సీజన్‌లో బెంగాల్‌తో మొదటి మ్యాచ్ అవగానే కెప్టెన్సీ వదిలేశాడు. వ్యక్తిగత కారణాలన్నారు. మిగతా సీజనంతా అతను మాట్లాడలేదు. 2024 ఫిబ్రవరి 26న అదే ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడి, సీజన్ ముగిసిపోయాక ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. జట్టులో పదిహేడో ఆటగాడిని ఒకణ్ణి మందలిస్తే, అతని తండ్రి రాజకీయ నాయకుడు కాబట్టి, తనను రాజీనామా చేయమన్నారని, ఇక ఆంధ్రకు ఆడనని. ఆ ఆటగాడు అది అబద్ధమన్నాడు. అసోసియేషన్ విచారణ అంది. పార్టీలు రెండు వైపులా నిలబడ్డాయి, ఎన్నికలు దగ్గరపడ్డ రోజులు కదా. ప్రభుత్వం మారింది, అసోసియేషన్ పెద్దలూ మారారు, విహారి ఆంధ్రకే మళ్ళీ ఆడాడు. 2025లో త్రిపురకు వెళ్ళిపోయాడు.

అతని పోస్టులో నాకు గుచ్చుకున్నది రాజకీయ నాయకుడి సంగతి కాదు. సీజన్ అయ్యేదాకా ఆగడం. టెస్టు ఆడినవాడికే ఆ జాగ్రత్త అవసరమైంది.

మా పక్కింటాయన ఆ రాత్రి పదింటికి, సెలక్షన్‌కొచ్చిన పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏదో పెద్ద మెసేజ్ పెట్టాడు. నేను ఫోన్ తీసి చూసేసరికి డిలీట్ చేసేశాడు. కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. పొద్దున్నే ఆరింటికి తండ్రీ కొడుకులు కిట్ బ్యాగు బండి మీద పెట్టుకుని ప్రాక్టీసుకు వెళ్ళిపోయారు.