కిచెన్ స్కేలు లేకుండా కేకు కొలతలు: అపోహలు, వాస్తవాలు

బేకింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది తూకం యంత్రం కొనేదాకా కేకు జోలికి వెళ్లకూడదని నమ్ముతుంటారు. మామూలు కేకులకూ కుకీలకూ కప్పు, చెంచా చాలు; వాటిని ఎలా నింపుతున్నామన్నదే ముఖ్యం.

అపోహ: ఎలా నింపినా కప్పు మైదా కప్పు మైదాయే.

వాస్తవం: ఎక్కువ కేకులు పాడయ్యేది ఇక్కడే. కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగి, 240 మి.లీ. కప్పులో 140 నుంచి 150 గ్రాముల దాకా పడుతుంది. అదే పిండిని ముందుగా కదిపి గుల్లచేసి, చెంచాతో కప్పులో వేస్తూ, అదమకుండా, తట్టకుండా, చాకు వెనుకవైపుతో అంచుకు సమంగా గీస్తే దాదాపు 120 నుంచి 125 గ్రాములే ఉంటుంది. రెండు కప్పుల మైదా పట్టే కేకులో ఈ తేడా 60 గ్రాముల దాకా పెరిగి, కేకు గట్టిగా, పొడిపొడిగా వస్తుంది. పాపం, నింద మాత్రం ఓవెన్ మీద పడుతుంది. బ్రౌన్ షుగర్‌ను మాత్రం అదిమే కొలవాలి.

అపోహ: అన్నిటినీ ఒకే గ్లాసుతో కొలిస్తే ఏ గ్లాసైనా ఫరవాలేదు.

వాస్తవం: ఇడ్లీ పిండికి బియ్యం, మినప్పప్పుల పాళ్లు కుదిరితే చాలు కనుక అక్కడ ఈ పద్ధతి చెల్లుతుంది. కేకులో గుడ్ల సంఖ్య, చెంచాతో వేసే బేకింగ్ పౌడర్ గ్లాసును బట్టి మారవు. అందువల్ల 300 మి.లీ. గ్లాసు వాడితే మైదా, పంచదార, పాలు పావువంతు పెరిగినా గుడ్లు అన్నే ఉండిపోతాయి. అర లీటరు పాల ప్యాకెట్టు సరిగ్గా రెండుసార్లు నిండే గ్లాసు 250 మి.లీ. గ్లాసు కాబట్టి, దాన్ని కప్పుగా నిశ్చింతగా వాడుకోవచ్చు.

అపోహ: ఏ పదార్థమైనా కప్పు అంటే 200 గ్రాములే.

వాస్తవం: అది పంచదారకే వర్తిస్తుంది. కప్పు వెన్న సుమారు 225 గ్రాములు, కోకో పొడి 100 గ్రాముల లోపే. వెన్నను కప్పులో కూరడం కంటే 100 గ్రాముల దిమ్మను సమభాగాలుగా కోసుకోవడం మేలు.

అపోహ: టీస్పూన్ అంటే టీ కలుపుకునే చెంచా.

వాస్తవం: ఇళ్లలోని చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో పరిమాణంలో ఉంటాయి, కొలత టీస్పూన్ మాత్రం 5 మి.లీ. సూది లేని కొత్త సిరంజితో 5 మి.లీ. నీళ్లు పోసి మీ చెంచాను ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే వంట సోడా కొద్దిగా ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. మాకరాన్‌లకు (బాదం పొడితో చేసే ఫ్రెంచ్ తీపి బిస్కెట్లకు) మాత్రం తూకం వాడమనే చెబుతాను. వాటిలో బాదం పొడి, గుడ్డు తెల్లసొనల పాళ్లు కొద్దిగా తప్పినా పైపెంకు సరిగా రాదు.