థింసాకి డీజే బీట్ గొడవ, దాని వెనక ఒక బ్రెజిల్ మెటల్ ఆల్బమ్

ఒడిశాలోని రాయగడ వైపు పెళ్లి ఊరేగింపుల్లో ఆదివాసీల నాచ్చం థింసా బాణీకి డీజే బీట్ తగిలించి వాయించడం మామూలైపోయింది. రీల్స్‌లోనూ అదే. మోరి (సన్నాయి లాంటిది) ఊదినవాళ్లు ఏ ఊరివాళ్లో, పాట ఎవరిదో ఎక్కడా రాయరు. దీని మీద మన తెలుగు కుర్రాళ్ల మధ్య వాదన లేస్తే, మెటల్ వినేవాడు ఒకడైనా ఉంటాడు కదా, వాడు వెంటనే బ్రెజిల్ మెటల్ బ్యాండ్ సెపుల్తురా పేరు తెస్తాడు: "వాళ్లు ఆదివాసీల పాట వాడుకుంటే గొప్ప, మనం వాడుకుంటే దొంగతనమా?" ప్రశ్న బాగానే ఉంది. కానీ వాళ్లు అసలేం చేశారో తెలిస్తే ఆ పోలిక అంత తేలిగ్గా నిలబడదు.

బెలో హొరిజోంచె నగరంలో 1984లో మాక్స్, ఇగోర్ కవలేరా అన్నదమ్ములు పెట్టిన బ్యాండ్ ఇది. 1964లో మొదలైన సైనిక పాలన అప్పటికింకా పోలేదు. తొలి రోజుల్లో వాళ్లది ముతక డెత్ మెటల్, అంతా సైతానూ చావూ నరకమూ. సమకాలీన రాజకీయం గట్టిగా దిగింది 1993లో, 'కేయాస్ ఏ.డి.' ఆల్బమ్‌తో. అంతకు ముందు ఏడాది అక్టోబరు 2న సావో పాలోలోని కరండిరు జైల్లో 111 మంది ఖైదీలు చనిపోయారు. 'మానిఫెస్ట్' అనే పాట ఆ మారణకాండ గురించే. అందులోనే 'కైయోవాస్' అని మాటలే లేని ముక్క ఒకటుంది. భూములు పోతుంటే ఆత్మహత్యలకు దిగిన గ్వారానీ కైయోవా ఆదివాసీల పేరు మీద చేసింది. మామూలు గిటార్లు, డప్పుల మోత, అంతే. వేల్స్‌లో చెప్‌స్టో కోట శిథిలాల మధ్య రికార్డు చేశారు. ఆదివాసీలతో కలిసి చేసిన వాళ్ల ఆల్బమ్ 'రూట్స్' అసలు పుట్టింది అక్కడేనని నా లెక్క, ఆ పేరుతో ఆల్బమ్ రావడానికి ఇంకో మూడేళ్లు పట్టినా సరే.

ఆదివాసీలతో కలిసి పాట చేద్దామన్న ఆలోచన మాక్స్‌కి ఒక సినిమా చూసి వచ్చిందట. సినిమా చూసి అడవికి పోదామనుకునేవాళ్లు మన దగ్గరా చాలామందే ఉన్నారు లెండి. తేడా ఏంటంటే వీళ్లు ముందు మధ్యవర్తుల ద్వారా కబురు పంపి, అనుమతి తీసుకుని, 1995లో మాతో గ్రోసో రాష్ట్రంలోని షవాంచె ఆదివాసీల ఊరికి వెళ్లారు. వాళ్ల చేత ఒంటికి రంగు వేయించుకున్నారు. ఆ ఎరుపు ఉరుకుం గింజలది, మన ఏజెన్సీలో పండించే జాఫ్రాయే అది. వాళ్లతో కూర్చుని పాడించి, తామూ వాయించి, అక్కడే రికార్డు చేశారు. 'రూట్స్'లో 'ఇత్సారి' అనే పాట అదే. షవాంచె పేరు ఆల్బమ్ మీద ఉంది.

షవాంచె వాళ్లకి టేపు రికార్డర్ కొత్త వస్తువేం కాదు, ఇది చాలామంది చెప్పని సంగతి. వాళ్ల నాయకుడు మారియో జురునా ఆఫీసర్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లినా చేతిలో రికార్డర్ ఉండేది, తెల్లవాళ్లు ఇచ్చిన మాట మీద నిలబడరు కాబట్టి రుజువు ఉండాలని. 1982లో ఆయన ఎంపీగా గెలిచాడు, బ్రెజిల్ పార్లమెంటులో మొట్టమొదటి ఆదివాసీ ఆయనే. కాబట్టి ఇదేదో పాపం ఏమీ తెలియని అడవి మనుషుల గొంతు పట్టుకొచ్చిన కథ కాదు.

1996 ఫిబ్రవరిలో 'రూట్స్' వచ్చింది. బ్రిటన్ చార్టులో 4వ స్థానం, అమెరికాలో 27. 'ఆంబుష్' అనే పాట 1988లో హత్యకు గురైన రబ్బరు కూలీల నాయకుడు చికో మెండెస్ గురించి. 'రతమహత్త' అనే పాటలో బాహియా రాష్ట్రపు కార్లీన్యోస్ బ్రౌన్ పాడాడు. అయినా పాత అభిమానులకి కోపం వచ్చింది, వాళ్లు పట్టుకున్న గొడవ మాత్రం వేరు: వేగం తగ్గింది, నిర్మాత రాస్ రాబిన్సన్ చేతిలో పడి కార్న్ బ్యాండ్‌లా తయారయ్యారు అని. కార్న్ గాయకుడు ఒక పాటలో ఉన్నాడు కూడా, ఆ పాట నాకూ పెద్దగా ఎక్కదు. ఏడాది తిరక్కుండానే, డిసెంబరులో మేనేజరు విషయమై తగువొచ్చి మాక్స్ బయటికి పోయాడు.

మన వైపు ఈ ఆల్బమ్ ఇంకోలా వినిపించడానికి కారణం నియమగిరి కొండ. బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దనే అన్నాయి. మా దేవుడు నియమరాజు కొండ అమ్మకానికి లేదన్నారు అక్కడి ఆదివాసీలు డోంగ్రియా కోందులు. ఆ వార్తలు చూసి పెరిగిన కుర్రాడికి 'ఇత్సారి' ఎక్కడో బ్రెజిల్ పాటలా అనిపించదు.

కానీ ఇక్కడ తెలుగువాళ్లం ఎవరి పక్కన ఉన్నామో కూడా చూసుకోవాలి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో జయపురం జమీందారీ కింద ఉండేది. మన తెలుగు ఇక్కడ నిలబడింది షాపులతో, కాంట్రాక్టులతో, ఫ్యాక్టరీ ఉద్యోగాలతో. కొండ దిగి సంతకి వచ్చేవాళ్లకి మనం వడ్డీ వ్యాపారిగానే ఎక్కువ తెలుసు, పాటగాళ్లుగా కాదు. 'రూట్స్' టీషర్టు వేసుకుని బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే ఫ్యాక్టరీ షిఫ్టుకి పోయేవాణ్ణి నేను తప్పుపట్టను, ఉద్యోగాలు ఉన్నదే అక్కడ. వాడే ఆదివారం థింసా మీద బీట్ వేసి సొంత పేరు పెట్టుకుంటే మాత్రం షవాంచె పేరు ఎత్తొద్దంటాను.